బొమ్మ చెవిలో చెప్పిన మాట

సంతకం పెట్టే ముందు కాగితం పూర్తిగా చదవమని మీకు అందరూ చెబుతారు. నేను చదివే పెట్టాను. ఒకటికి రెండుసార్లు చదివి, ఒక అచ్చుతప్పు కూడా దిద్ది మరీ పెట్టాను. అందుకే ఈ సంగతి చెప్పక తప్పడం లేదు. చదవకుండా పెట్టి ఉంటే తొందరపాటని సరిపెట్టుకునేదాన్ని.

ముప్పయ్యేళ్ళు స్పీచ్ థెరపిస్టుగా పనిచేశాను. మాటలు ఆలస్యమైన పిల్లలకు, నత్తి ఉన్న పిల్లలకు, అసలు మాటే రాని పిల్లలకు మాట నేర్పడం నా పని. చివరి పదకొండేళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్‌స్టాండు వెనక సందులో, ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులోని చిన్న కేంద్రంలో గడిచాయి. కింద వందల మంది ఏదో ఒక పరీక్ష కోసం గొంతు చించుకుని చదువుతుండేవాళ్ళు. పైన మేము ఒక్క పిల్లవాడి చేత "అమ్మా" అనిపించడానికి నానా తంటాలు పడుతుండేవాళ్ళం. ఈ మధ్యే రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలు "మేడం, మీరు మరిచిపోలేని విజయం ఏది?" అని అడుగుతుంటారు. విజయాన్ని ఏ పిల్లకి ఆ పిల్ల ఇంటికి పట్టుకుపోతుంది తల్లీ, మన దగ్గర మిగిలేవి తప్పులే. నా దగ్గర మిగిలినవాటిలో పెద్దది ఇది.

కేంద్రంలో మేము ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, పిల్లల మనస్తత్వ నిపుణుడైన మా పెద్దసారు, మా ఆయా. పెద్దసారుది తెల్లగడ్డం, ఇస్త్రీ చెడని చొక్కా, పొదుపైన మాట. ఆయా బాటసింగారం అవతల ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. బొమ్మలు కడగడం, చెప్పులు సర్దడం, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకుని వరండాలో తిప్పడం ఆమె పని. మా ఇద్దరికీ గోడల మీద పట్టాలు వేలాడుతుండేవి. ఆమె వాటి మీద దుమ్ము దులిపేది.

అది జూలై నెల, వానలు పడుతున్నాయి. ఒక బడి నుంచి ఉత్తరం వచ్చింది. అయిదో ఏడు నడుస్తున్న పాప, యూకేజీలో చేరి ఆరు వారాలైంది, తరగతిలో ఇంతవరకు నోరు విప్పలేదు, పరీక్షించి రిపోర్టు ఇవ్వండి, మీ రిపోర్టును బట్టి ఆమెను ఉంచుకోవడమో లేదో చూస్తాం అని. ఆ చివరి ముక్క చదివినప్పుడే నేను నింపాదిగా ఉండవలసింది. ఆ నెలలో చేతిలో కేసులు ఎక్కువ ఉన్నాయి.

మర్నాడు పాపతో పాటు తాత, తల్లి వచ్చారు. తాత పోచంపల్లి వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళ కిందటే దిల్‌సుఖ్‌నగర్‌లో చేనేత చీరల దుకాణం పెట్టుకున్న మనిషి. ఇల్లు ఎల్బీనగర్‌లో. కొడుకు సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటాడట, అందుకని ఆయనే వచ్చాడు. పెద్దాయన నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. పాప ఆయన మోకాలి పక్కన నిలబడింది. తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇంకో కుర్చీ చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పాప ఇంట్లో ఏమేం మాట్లాడుతుందమ్మా?" అని ఆమెనే అడిగాను. ఆమె నా వైపు చూసి, తర్వాత నేల వైపు చూసింది. జవాబు కుర్చీలోంచి వచ్చింది.

"మా పిల్ల శానా మంచిది మేడం. మాట బయటికి రానియ్యది. ఎవలన్న ఒస్తే ఓ పక్కకు నిలవడ్తది. గీ కాలంల గట్లాంటి ఆడపిల్లలు ఏడున్నరు?"

ఆయన గర్వంగానే చెప్పాడు. నేను 'మాటలు చాలా తక్కువ, కొత్తవాళ్ళను తప్పించుకుంటుంది' అని రాసుకున్నాను.

"సొంతంగా ఏమైనా అడుగుతుందా? నాకిది కావాలి, ఇది వద్దు అని?"

"నాతోనైతే అడగది. ఏమన్న చెప్పినా వాళ్ళమ్మ మాటనే ఒచ్చి చెప్తది. సొంతంగ ఏం లేదు."

ఫారంలో 'సొంతంగా మాట్లాడుతుందా?' అనే గడి ఉంది. అందులో 'లేదు' అని రాశాను. వాళ్ళమ్మ మాట వచ్చి చెబుతుంది అన్న ముక్కకు గడిలో చోటు లేదు, కాబట్టి రాయలేదు. పొద్దున్నే దుకాణానికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషిని కూర్చోబెట్టుకుని పిల్ల మాటల గురించి వివరంగా అడిగాను. రోజంతా పిల్లతో ఉండే మనిషి గుమ్మం దగ్గర నిలబడే ఉంది. ఇప్పుడు మీకు నవ్వొస్తుంది. అప్పుడు నాకు మర్యాదగా తోచింది.

తర్వాత, తాతనూ తల్లినీ వరండాలోకి పంపి, ఆట. మా పద్ధతిలో పిల్లను నేరుగా ప్రశ్నలు అడగం. ఆడనిచ్చి, ఆటలో ఏం మాట్లాడుతుందో వింటాం, వీడియో తీస్తాం. మా దగ్గర రెండు పెట్టెలుండేవి. ఒకదాంట్లో పొయ్యి, గిన్నెలు, గరిటెలు, గుడ్డబొమ్మ. రెండోదాంట్లో లారీలు, కార్లు, క్రేను. ఏ పెట్టె ఎవరికో వాటి మీద రాసి ఉండేది కాదు. రాయాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. అంతకు ముందు వారమే ఒక పళ్ళ వ్యాపారి కొడుకు వచ్చాడు. వాళ్ళది గడ్డిఅన్నారంలో మార్కెట్ ఉన్నప్పటి నుంచీ అదే వ్యాపారం. వాడు లారీ బొమ్మ ఎక్కించి, దించి, "హటో, హటో! గీ లోడు నాది" అని గది దద్దరిల్లేలా వేలంపాట పాడాడు. నేనడిగిన ఒక్క ప్రశ్నకూ జవాబివ్వలేదు, అసలు నేనున్నట్టే గుర్తించలేదు. వాడికి 'మాటకారి, చురుకు' అని రాసి పంపాను. అదే గొంతుతో ఒక ఆడపిల్ల అరిచి ఉంటే ఏమని రాసేదాన్నో నాకు తెలుసు. 'మొండి' అని.

ఈ పాపకు మామూలుగానే వంట పెట్టె ఇచ్చాను. చక్కగా కూర్చుని పొయ్యి పెట్టింది, గిన్నె ఎక్కించింది. "ఏం వండుతున్నావురా?" అంటే "బువ్వ" అంది, నెమ్మదిగా. ఇంకో రెండు మాటలు కూడా అంది. దారిలో పడుతోందని నేను సంబరపడే లోపల పెద్దసారు తలుపు తీసుకుని వచ్చి, గోడవార కుర్చీలో నోట్‌బుక్కుతో కూర్చున్నారు. అది మా రివాజే.

పాప ఆయన్ని ఒక్కసారి చూసింది. పక్కన ఉన్న చేతిరుమాలు తీసి నెత్తిన వేసుకుంది. ఇక అంతే, అరగంటసేపు నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. పళ్ళెంలో ఏదో పెట్టి సారు కాళ్ళ ముందుకు తోసింది, తోసి బీరువా చాటుకు పోయింది. అక్కడి నుంచి గుడ్డబొమ్మ తల పట్టుకుని తన నోటికి ఆనించుకుంది. బొమ్మను సారు వైపు చాచింది, వెనక్కి తీసుకుంది, మళ్ళీ నోటికి ఆనించుకుంది. నేను ఎన్ని విధాల పిలిచినా పలకలేదు. 'గుడ్డ కప్పుకుంటుంది, దాక్కుంటుంది, బొమ్మను నోట్లో పెట్టుకుంటుంది, పిలిస్తే పలకదు' అని వరసగా రాసుకుంటూ పోయాను. అన్నీ ఒకే దారి చూపిస్తున్నాయి.

వాళ్ళు వెళ్ళాక ఆయా బొమ్మలు సర్దడానికి వచ్చింది.

"మేడం, గా పిల్లకు మాటలు రావా? లోపటికి పిలిచేదాంక చెప్పుల కాడ నాతోని ఒక్కటే ముచ్చట. వాళ్ళ తాత చీర మడత ఎట్ల ఇప్పుతడో చేసి చూపెట్టింది."

"నీతో పిల్లలందరూ మాట్లాడతారులే" అన్నాను. ఏం మాట్లాడింది, ఎన్ని మాటలు అంది అని ఒక్క ప్రశ్న అడగలేదు. ముప్పయ్యేళ్ళ చదువూ అనుభవమూ ఆ క్షణంలో నా చెవులకు అడ్డం పడ్డాయి.

గురువారం రిపోర్టు పూర్తయింది. భాషలో సుమారు రెండేళ్ళ వెనకబాటు, మామూలు తరగతి సరిపడదు, ప్రత్యేక బడి మంచిది. కింద నా సంతకం, దాని కింద పెద్దసారుది. శుక్రవారానికి బడివాళ్ళు పాపను తీసుకుపొమ్మని ఇంటికి కబురు పెట్టేశారు. శనివారం పొద్దున పెద్దాయన రిపోర్టు నకలు కోసం వచ్చాడు. వెనక తల్లి, మెట్ల మీదే, గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇక్కడ దగ్గర్లోనే ప్రత్యేక బళ్ళున్నాయండీ, నేను చిరునామా రాసిస్తాను" అన్నాను.

"గవన్ని నాకు తెల్వదు మేడం. నలుగుట్ల ఇజ్జత్ పోతది. ఊళ్ళ మా ముసలామె ఉన్నది. పిల్లను ఆడ ఇడిచిపెడ్త. రేపు పదకొండింటి బస్సుకు పోతున్నం."

"మరి వాళ్ళమ్మ?"

"ఆమె ఈడుంటది. ఇల్లెవలు చూస్తరు?"

"ఎన్నాళ్ళండీ?"

"మాటలొచ్చేదాంక" అన్నాడు ఆయన. కోపం లేదు, కష్టపెట్టాలనీ లేదు. నేను రాసిచ్చిన కాగితాన్ని నమ్మాడు, అంతే.

దిగిపోతూ ఆ తల్లి వెనక్కి తిరిగి నన్ను చూసింది. కొంగు పళ్ళ మధ్య బిగించి ఉంది. ఆ చూపులో ఉన్నది తిట్టో, వేడుకోలో నాకు తెలియలేదు. ఒక మాట అంటే బాగుండునని నేను ఎదురుచూశాను. ఆమె అనలేదు.

మధ్యాహ్నం ఏ పనీ చేతికి రాక ఆ వీడియో పెట్టుకుని కూర్చున్నాను. నా రిపోర్టు సరైనదే అని నాకు నేను చూపించుకోవాలి, అదీ నా ఉద్దేశం. పాప రుమాలు నెత్తిన వేసుకునే చోటుకు వచ్చేసరికి, నేల తుడుస్తున్న ఆయా నా భుజం మీదుగా తొంగిచూసి గట్టిగా నవ్వింది.

"అయ్యో, గీ పిల్ల కోడలైంది!"

"ఎవరి కోడలు?"

"సారు కోడలు. సారు మామ గద! సూడుండ్రి మేడం, సారు రాంగనే కొంగు కప్పుకున్నది. ముందుగాల మామకే బువ్వ వెట్టింది. వెట్టి పక్కకు పోయింది. మా అత్తమ్మ గిట్లనే ఉంటుండె. కొత్తల నేను గూడ గిట్లనే."

మా కృష్ణా జిల్లా వైపు కోడళ్ళు మామగారితో మాట్లాడతారు, అవసరమైతే పోట్లాడతారు కూడా. "మరి ఆ బొమ్మను నోట్లో పెట్టుకోవడం ఏంటి?" అన్నాను చివరికి.

"నోట్ల యాడ వెట్టుకున్నది? చెవుల చెప్తుంది. మామతోని కోడలు ఎదురుంగ మాట్లాడొద్దు గద. పిల్లలతోని చెప్పిస్తరు, తాతకు గిట్ల చెప్పుపో అని. బొమ్మ అంటే ఆమె బిడ్డ అన్నట్టు. పాపం, గా బొమ్మకు నోరు లేకపాయె. సారుకు ఇనొస్తలేదు."

చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం చివరికంటా పెంచి, ఆ ముక్కను మళ్ళీ విన్నాను. ఫ్యాను హోరు. కింద కోచింగ్ పిల్లల గోల. వాటి అడుగున, బీరువా చాటు నుంచి, వెంట్రుకంత సన్నటి గొంతు. "తాతకు చెప్పు, బువ్వ చల్లగైతదంట." కాసేపాగి, ఇంకొకటి. "ఉప్పు తక్కువైతే అడుగుమను, సిగ్గు పడొద్దను."

రెండేళ్ళ వెనకబాటు అని నేను రాసిన పిల్ల. ఇలా అయితే అలా చెయ్యమను అనే మెలిక ఉన్న నిండు వాక్యం, అదీ మరొకరి నోట చెప్పించేలా కూర్చిన వాక్యం, ఆ వయసులో ఎందరు చెబుతారు? ఆమె ఆడుకోలేదనుకున్నాను. అరగంటపాటు పాత్ర తప్పకుండా ఆడింది. ఆటను పాడుచేసినవాళ్ళం మేమిద్దరం. ఆయా ముందు ఏడవడం ఇష్టం లేక కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డాను. ఆమె మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అడగకుండా నేల తుడుచుకుంది.

పెద్దసారు గదికి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"సంతకం చేసి పంపిన రిపోర్టు వెనక్కి తీసుకుంటారా? ఆయా చెప్పిందని?"

"ఆయా చెప్పిందని కాదు సార్, పాప చెప్పింది. మీరు వినండి."

"ఇక రేపటి నుంచి బోర్డు మీద ఆవిడ పేరే రాయిద్దాం. సోమవారం తీరిగ్గా మాట్లాడుకుందాం."

"వాళ్ళు రేపే వెళ్ళిపోతున్నారు. ఆ పిల్ల తల్లిని వదిలిపెట్టి ఊరికి పోతోంది సార్. మనం రాసినందుకు."

నా గొంతు నాకే తెలియకుండా పెరిగింది. పదకొండేళ్ళలో ఆయన ముందు అలా మాట్లాడింది లేదు. ఆయన ఇయర్‌ఫోన్లు తీసుకున్నారు. మూడుసార్లు విన్నారు. మూడోసారి తెరమీద గోడవార కుర్చీలో బిగుసుకుని కూర్చున్న తనను తాను చూసుకుని, "నేను మామగారినా?" అన్నారు నెమ్మదిగా. తర్వాత, "ముందు ఆ పిల్లను ఆపండి. కాగితం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం దాకా ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. మా ఫారంలో ఇంటి పెద్ద నంబరు ఒక్కటే అడుగుతాం. తల్లి నంబరుకు గడి లేదు.

ఆదివారం పొద్దున దుకాణం చిరునామా పట్టుకుని బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, అప్పుడప్పుడే షట్టర్లు లేస్తున్న దుకాణాల వరసలో వెతుక్కుంటూ పోయేసరికి పది దాటింది. దొరికింది. లోపల గోడ నుంచి గోడకు పరుపు, దాని మీద తెల్లటి దుప్పటి. పెద్దాయన దేవుడి పటానికి అగరుబత్తి తిప్పుతున్నాడు. వెనక సరుకు గది గుమ్మంలో, బిడ్డను సాగనంపడానికి వచ్చిన తల్లి. పాప పరుపు అంచున కూర్చుంది, కొత్త గౌను వేసుకుని. మెట్టు మీద ఆమె బడి సంచి ఉంది. పుస్తకాలు లేవు, గౌన్లు కుక్కి ఉన్నాయి. జిప్పు పట్టక ఒక గౌను చెయ్యి బయటికి వేలాడుతోంది.

"రాండ్రి మేడం, కూసోండ్రి" అన్నాడు ఆయన. చెప్పులు విడిచి కూర్చున్నాను.

"నేను రాసింది తప్పండీ. పాపకు మాటలు బాగా వచ్చు. దయచేసి ఊరికి పంపకండి."

ఆయన అగరుబత్తి గుచ్చి, నింపాదిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "గురువారం నాడు ముద్రేసి ఇస్తిరి. ఆదివారం తప్పంటున్నరు. బుధవారం మల్ల ఏమంటరు మేడం?"

ఆయన అడిగింది న్యాయం. ఫోను తీసి వీడియో చూపించాను. ఆ ఒక్క ముక్క వింటే చాలు, ఆయనకే అర్థమవుతుంది అనుకున్నాను. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. రుమాలు కప్పుకోవడం, పళ్ళెం తోయడం, చాటుకు పోవడం చూసి ఆయన ముఖం వికసించింది.

"మంచిగ చేసింది గద! గిట్లనే ఉండాలె. ఊళ్ళ మా ఆమె దగ్గరైతే ఇంక మంచిగ నేర్చుకుంటది."

నేను తెచ్చిన సాక్ష్యం నాకే ఎదురు తిరిగింది. బయట ఆటో వచ్చి ఆగింది, డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన లేచాడు. నేను గుమ్మం వైపు తిరిగి, "అమ్మా, మీరు చెప్పండి. ఇంట్లో పాప ఎలా మాట్లాడుతుందో మీకు తెలుసు. ఒక్క మాట చెప్పండి" అన్నాను. బతిమాలాననే చెప్పాలి. ఆమె పెదవులు కదిలాయి. మామగారి వీపు వైపు చూసింది. పెదవులు మూసుకున్నాయి. ముప్పయ్యేళ్ళు మాట నేర్పిన దాన్ని, నా ఎదురుగా నిలబడ్డ మనిషి చేత ఒక్క మాట పలికించలేకపోయాను. ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. పెద్దాయన వంగి బడి సంచి అందుకున్నాడు.

అప్పుడు తోచింది. నేను మళ్ళీ మా వైపు పద్ధతిలోనే అడుగుతున్నాను. మొన్న కుర్చీ చూపించినట్టే.

పరుపు అంచుకు జరిగి పాప ముందు గొంతుక్కూర్చున్నాను. "తల్లీ, అమ్మ దగ్గరకు పోయి అడుగు, నిన్ను ఊరికి పంపడం అమ్మకు ఇష్టమేనా అని. అమ్మ ఏం చెబితే అది తాతకు చెప్పు."

పెద్దాయన నన్ను చురుగ్గా చూశాడు. అది వాళ్ళింటి దారి. బయటి మనిషిని, నేను అందులో అడుగుపెట్టాను. కానీ అది ఆయన కాదనలేని దారి కూడా. సంచి చేతిలోనే ఉంది, ఆయన కదల్లేదు.

పాప లేచి గుమ్మం దగ్గరకు పోయింది. తల్లి వంగింది. ఆమె కొంగు పాప తలను కూడా కప్పేసింది. చాలాసేపు అలాగే ఉన్నారు. పాప తిరిగి వచ్చి, తెల్ల దుప్పటి నడిమధ్య నిలబడి, తల ఎత్తింది. ఆరు వారాలు బడిలో వినిపించని గొంతు దుకాణమంతా ఖంగున మోగింది.

"తాతా, అమ్మ చెప్తుంది. పిల్లను పంపనంట. మాటలు రాకుంటే తనే నేర్పుకుంటదంట. ఇంకా..." ఆగింది. మరిచిపోయింది. పరుగెత్తి పోయి మళ్ళీ చెవి ఆనించి, పరుగెత్తి వచ్చింది. "పిల్ల పోతే, ఇంట్ల నా మాట మీకు ఎవలు చెప్తరు, అంటుంది."

పెద్దాయన సంచి పక్కన పెట్టి, మడత పెట్టి ఉన్న చీరనే మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు నెమ్మదిగా కదులుతున్నాయి. తల్లి గుమ్మం పట్టుకుని చూస్తోంది. పని అయిపోయింది కాబట్టి పాప వెనక్కి పోవాలి. పోలేదు. ఉన్నచోటే నిలబడి, కాలి బొటనవేలితో దుప్పటి మీద రాస్తూ, "నేను గూడ పోను" అంది.

ఆయన చేతులు ఆగాయి. "గిది గూడ అమ్మ చెప్పిందా?"

పాప తల అడ్డంగా ఊపింది. "కాదు. గిది నా ముచ్చట."

బయట హారన్. పెద్దాయన మెట్టు మీదికి వెళ్ళి, ఆటోను పొమ్మని చెయ్యి ఊపాడు. వచ్చి నా వైపు చూడకుండానే అన్నాడు, "మేడం, మీ కాయిదంల ఏం రాసుకుంటరో రాసుకోండ్రి. పిల్ల ఐతే పోనంటుంది."

సోమవారం పొద్దున్నే బడికి ఉత్తరం రాశాను. రిపోర్టు తప్పు, తప్పు నాది, పాపను ఉంచండి, కొత్తది పంపిస్తాను అని. 'తప్పు నాది' అన్నచోట పెద్దసారు 'మాది' అని దిద్ది, కింద సంతకం పెట్టారు. బడివాళ్ళు ఫోనులో సణిగారు, మీ మాట మీద నిలకడ లేదా అన్నారు. ఆ సణుగుడు పడవలసిందే, పడ్డాను. పాప తరగతిలో వెంటనే గలగలా మాట్లాడిందని మీరనుకోకండి. దసరా దాకా పట్టింది. అంతవరకు ఆమె బెంచీ మాత్రం ఆమెదిగా ఉంది.

కొత్త పరీక్షకు వాళ్ళు ఆ సోమవారం మధ్యాహ్నమే వచ్చారు. పెద్దసారు గదిలోకి రాలేదు. రెండు పెట్టెలూ తెరిచి నేల మీద పెట్టించాను. పాప రెండింటినీ చూసి లారీ తీసుకుంది. వంట పెట్టెలోని రుమాళ్ళన్నీ మడతలు పెట్టి దాంట్లో ఎక్కించి, ఊరి నుంచి చీరలు తెస్తున్నానంది. పెద్దాయన వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది, లోపలి మాటలు ఆయనకు వినిపిస్తాయి. తల్లి ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఆగింది.

కొత్త ఫారం తీసి, మొదటి రోజు అడిగిన ప్రశ్నే అడిగాను. "పాప ఇంట్లో ఏమేం మాట్లాడుతుందమ్మా?"

ఆమె వరండా వైపు చూసింది. తర్వాత అలవాటుగా, వేలు ఆడించి పాపను దగ్గరకు పిలిచింది. పాప తల ఎత్తలేదు. లారీ బీరువా మూల తిరుగుతోంది, మలుపులో చీరలు పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుంది.

"నాకు పనున్నదమ్మా" అంది. "నువ్వే చెప్పు."

వరండాలో బల్ల కిర్రుమంది. ఎవరూ లేచి రాలేదు. ఆ తల్లి గుమ్మం దాటి వచ్చి కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.